డిగ్రీ చదివి మళ్లీ డైటా?

*టీచరమ్మకు నమస్కారం. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. నాన్నకు కొంచెం పత్తిచేను ఉంది. మొన్ననే బీజెడ్‌సీతో బీఎస్సీ పూర్తి చేసిన, 58 శాతం వచ్చింది. ఇంటర్ బైపీసీలో 61 శాతం. మేము బీసీలం. చిన్నప్పటి నుంచి టీచర్ కావాలన్నదే ఆశ. సాయంత్రం మా అరుగు మీద రెండు, మూడు తరగతుల పిల్లలకు ట్యూషన్ చెప్తున్నా. అందులో ఒక పిలగాడు 52లోంచి 38 తీసెయ్యమంటే ప్రతిసారీ 26 అని రాస్తడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. కోపం రాదు గానీ, వాడికి ఎట్ల చెప్పాలో తెలియక రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన.*

*మా ఫ్రెండ్ డీసెట్ ఎంట్రెన్స్ రాసి డైట్‌లో, అంటే ప్రైమరీ టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో చేరుదాం అంటుంది. నాన్న కూడా "టీటీసీ చేస్తే సర్కారు బడిల పడతవు" అంటడు. మా మేనమామ మాత్రం డిగ్రీ చదివి మళ్లీ ఇంటర్ పిల్లలతో కూర్చుంటవా అని నవ్వుతుండు. బీఈడీ చేస్తే హైస్కూల్ వస్తది, తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే ఎస్జీటీకి, అంటే ప్రైమరీ టీచర్ పోస్టుకు కూడా పనికొస్తది, త్వరలో బీఈడీ ఒక్క ఏడాదే అవుతది అంటుండు. ఆయనకు తెలిసిన కాలేజీలో చేరితే రోజూ పోనక్కర లేదట, పరీక్షలకు పోతే చాలట. ఇంట్లో పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి.*

*నేను ఒకటి నుంచి మూడు దాకా మా ఊర్లో, నాలుగు నుంచి ఏడు దాకా కల్వకుర్తి దగ్గర అమ్మమ్మ వాళ్లింట్లో ఉండి, తర్వాత దేవరకొండలో చదివిన. నల్గొండ జిల్లాలోనే ఉద్యోగం రావాలని కోరిక. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, వాడికీ టీచర్ కావాలని ఉంది. మా ఇద్దరికీ దారి చెప్పగలరు. — ఒక చెల్లి, దేవరకొండ ప్రాంతం*

బిడ్డా, డైట్‌లోనే చేరు. మీ మేనమామ మాట కాదని చెప్తున్నందుకు ఆయన నొచ్చుకోవద్దు. ఆయన చెప్పినవాటిలో కొన్ని ఒకప్పుడు నిజమే. ఇప్పుడు కావు.

టీచర్ల చదువులకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2018 జూన్ 28న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఈడీ చేసినవాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పొచ్చు, ఉద్యోగం వచ్చాక రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని దాని సారాంశం. ఆ రోజుల్లో "బీఈడీ చేస్తే రెండు దిక్కులా పనికొస్తది" అన్న మాట ఊరూరా పాకింది. మీ మామ మనసులో ఉన్నది ఆ రోజుల సంగతే. తర్వాత రాజస్థాన్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న ఆ నోటిఫికేషన్ చెల్లదని కొట్టేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే శిక్షణ వేరు, బీఈడీలో ఉన్నది అది కాదు, డిగ్రీ పెద్దదైనంత మాత్రాన ప్రాథమిక తరగతులకు అర్హత రాదు అన్నది కోర్టు మాట. బ్రిడ్జి కోర్సు ఉన్న మాట నిజమే. కానీ అది ఆ తీర్పు రాకముందే ప్రైమరీ టీచర్లుగా ఉద్యోగాల్లో చేరిపోయిన బీఈడీ వాళ్లను కాపాడడానికి పెట్టింది. కొత్తగా బీఈడీ చేసేవాళ్లు ఆ తలుపులోంచి దూరే వీలు లేదు. మన తెలంగాణలో సర్కారు టీచర్ల నియామకానికి పెట్టిన 2024 డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులకు డీఎడ్, డీఈఎల్‌ఈడీ (డైట్ కోర్సుకు పాత, కొత్త పేర్లు) వాళ్లనే తీసుకున్నారు.

ఒక్క ఏడాది బీఈడీ మాట కూడా తేల్చేస్తా. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనల ముసాయిదా బయట పెట్టింది. అందులో ఏడాది బీఈడీ ఉన్నది నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లకు, పీజీ చేసినవాళ్లకు. నీది మూడేళ్ల డిగ్రీ. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నీకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఇప్పుడు ఏ కోర్సు మంచిది అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ తరగతి పిల్లల ముందు నిలబడతావు అన్నది ముందు తేల్చుకోవాలి, కోర్సు దాని వెంట వస్తుంది. డీఈఎల్‌ఈడీ చేస్తే ఒకటి నుంచి ఐదు. బీఈడీ చేస్తే ఆరు నుంచి పది, అదీ నీ సబ్జెక్టు వరకే, అంటే జీవశాస్త్రం. మీ నాన్న అంటున్న టీటీసీ, మీ ఫ్రెండ్ అంటున్న డైట్, నేను అంటున్న డీఈఎల్‌ఈడీ అన్నీ ఒక్క దారే, ఇంటర్ మీద రెండేళ్లు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తా. డ్రాయింగ్, టైలరింగ్ వాళ్లకు ఎండాకాలంలో పెట్టే ట్రైనింగును కూడా టీటీసీ అనే అంటారు. దరఖాస్తు పెట్టేటప్పుడు అది చూసి పొరపాటు పడకు.

నీకు ఏ తరగతి అన్నది నేను ఆలోచించి చెప్పాల్సిన పని లేకుండా నీ ఉత్తరమే చెప్పింది. ఆ 26 రాసే పిలగాడి సంగతి చూద్దాం.

వాడు లెక్క తెలియక రాస్తున్నాడని నువ్వు అనుకుంటున్నావు. వాడు పద్ధతి ప్రకారమే చేస్తున్నాడు. ఒకట్ల స్థానంలో 2, 8 ఉన్నాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని వాడికి ఎవరో చెప్పారు, బహుశా ఒకటో తరగతిలోనే. ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు. పదుల్లో ఐదులోంచి మూడు తీస్తే రెండు. 26 అయింది. వాడి లెక్కలో తప్పు లేదు, వాడు పట్టుకున్న నియమంలో ఉంది. నువ్వు పలక మీద మళ్లీ మళ్లీ చేసి చూపిస్తే వాడు తలూపి, తర్వాత తన నియమం ప్రకారమే మళ్లీ 26 రాస్తాడు.

రేపు సాయంత్రం పలక పక్కన పెట్టు. చీపురు పుల్లలు విరిచి పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు చెయ్యి. రెండు పుల్లలు విడిగా ఉంచు. ఎన్ని ఉన్నాయో వాడినే లెక్కపెట్టనియ్యి. ఇప్పుడు నీకు 38 పుల్లలు ఇమ్మని అడుగు. మూడు కట్టలు గబగబా ఇచ్చేస్తాడు. తర్వాత ఎనిమిది విడి పుల్లల కోసం చూస్తే వాడి దగ్గర రెండే ఉంటాయి. అక్కడ నువ్వు నోరు మెదపొద్దు. కాసేపు నీ మొహం చూస్తాడు, కట్టల దిక్కు చూస్తాడు, చివరికి రబ్బరు బ్యాండు తీస్తాడు. ఆ కట్ట విప్పింది వాడే కావాలి, నువ్వు కాదు. ఇప్పుడు విడివి పన్నెండు, ఎనిమిది ఇస్తే నాలుగు. మిగిలిన కట్ట ఒకటి. పద్నాలుగు. ఇట్లా నాలుగైదు లెక్కలు పుల్లలతోనే అయ్యాక అప్పుడు పలక మీద రాయించు. "పక్కింట్లోంచి అప్పు తెచ్చుకో" అన్న మాట వాడి చేతులు ఆ పని చేసేదాకా అనకు. అప్పు తెచ్చినవాడు తిరిగి ఎప్పుడు ఇవ్వాలని ఒక పిల్ల నన్ను అడిగింది ఒకసారి. ఆ పిల్ల అడిగింది న్యాయమే.

డైట్‌లో నేర్పేది ఇదే. పిల్లలు ఎక్కడ ఎందుకు తప్పుతారు, అక్షరానికీ శబ్దానికీ ముడి ఎట్లా పడుతుంది, ఒకే గదిలో రెండు తరగతులను ఎట్లా నడపాలి. ఇవి బీఈడీలో దాదాపు ఉండవు. బీఈడీ వాళ్లకు తొమ్మిదో తరగతికి కణజాలాలు చెప్పడం నేర్పుతారు, అదీ గొప్ప పనే. కానీ రాత్రి పడుకున్నాక కూడా నీ తలలో తిరుగుతున్నది కణజాలాలు కాదు కదా.

మీ దేవరకొండ, చందంపేట దిక్కు తండాల బడులు నీకు తెలిసే ఉంటాయి. ఒకటో తరగతిలో చేరిన లంబాడీ పిల్ల ఇంట్లో అమ్మను యాడి అంటుంది, నీళ్లను పాణి అంటుంది. బడికి వచ్చేసరికి వాచకం తెలుగులో, 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు కాబట్టి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఆరేళ్ల పిల్ల నెత్తిన ఒకేసారి రెండు కొత్త భాషలు. ఆ పిల్ల బొమ్మ చూసి పాణి అంటే "తప్పు, నీళ్లు అనాలి" అనే టీచర్ దగ్గర నోరు మూసుకుంటుంది, మూడో తరగతి దాకా తెరవదు. అవును పాణి, మనం నీళ్లు అని కూడా అంటాం అనే టీచర్ దగ్గర మాట్లాడుతుంది. పాలమూరు దిక్కు పోతే పత్తి ఏరే కాలంలోనో వలస పోయినప్పుడో తల్లిదండ్రులతో వెళ్లిపోయి, రెండు నెలల తర్వాత తిరిగి వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్లు వచ్చేసరికి క్లాసు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. తొలిమెట్టు అని 2022లో సర్కారు మొదలుపెట్టిన కార్యక్రమం ఇట్లాంటి పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు చెయ్యడం అందుకోవాలనే. అది కాగితం మీద ఆగకుండా నడవాలంటే ప్రైమరీ స్కూల్లో ఆ పని తెలిసిన టీచర్ ఉండాలి.

ఇక పోస్టుల లెక్క. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు. అందులో ఎస్జీటీలు 6,508. హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629, అవీ లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, భాషలు అన్నింటికీ, అన్ని జిల్లాలకూ కలిపి. ఆ 2,629లో బయాలజీ వాటా తీసి, దాన్ని ముప్పై మూడు జిల్లాలకు పంచి, అందులో రిజర్వేషన్ వరసలో బీసీ మహిళ వంతు (రోస్టర్ పాయింటు) ఎక్కడ పడుతుందో చూసుకుంటే మీ మామకే విషయం అర్థమవుతుంది. తీర్పు తర్వాత డీసెట్‌కు కూడా గిరాకీ పెరిగింది, సీటు ఊరికే రాదు. అయినా లెక్క ఎస్జీటీ వైపే ఉంది.

బీఈడీ వైపు ఉన్న లాభం కూడా దాచను. ఎస్జీటీ మూలవేతనం స్కేలు 31,040 నుంచి మొదలవుతుంది, స్కూల్ అసిస్టెంట్‌ది 42,300 నుంచి. బేసిక్‌లోనే 11 వేల పైన తేడా, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ తేడా వేరే. గురుకులాల్లో టీజీటీ (హైస్కూల్ టీచర్) పోస్టులకు బీఈడీ కావాలి. ఊర్లో పెళ్లిచూపుల దగ్గర హైస్కూల్ సారు, హైస్కూల్ మేడమ్ అంటే ఉండే మర్యాద ప్రైమరీ టీచర్‌కు లేదు, ఉండాల్సింది గానీ లేదు. నువ్వు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పువ్వు కోసి భాగాలు చూపించడమే నాకు ఇష్టం అని రాసి ఉంటే, నేను బీఈడీ ఎంట్రెన్స్ ఎడ్‌సెట్ రాయమనే చెప్పేదాన్ని.

అయితే ఈ వరస చూడు. డైట్ ముందు చేస్తే బీఈడీ తలుపు మూసుకోదు. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య బీఈడీ ఉంది. దాంట్లో అందరికీ సీటు ఇవ్వరు. రెగ్యులర్‌గా టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్లు, ట్రైనింగ్ ఉండి బడుల్లో పనిచేస్తున్నవాళ్లు ఎంట్రెన్స్ రాసి చేరొచ్చు, డిగ్రీ మార్కుల అర్హతా ఉండాలి. రెండున్నర ఏళ్ల కోర్సు. నీకు డిగ్రీ ఇప్పటికే ఉంది, 58 శాతం ఉంది. డైట్ సర్టిఫికెట్ చేతికి రాగానే నువ్వు ఆ కోర్సుకు అర్హురాలివి, బడిలో చెప్పుకుంటూనే బీఈడీ పూర్తి చేసుకోవచ్చు. తిరగేసి చూడు. బీఈడీ ముందు చేస్తే, ఎస్జీటీ కావాలన్నప్పుడు మళ్లీ రెండేళ్లు రెగ్యులర్‌గా డైట్‌లో కూర్చోవాల్సిందే. డిగ్రీ చదివి మళ్లీ ఇంటర్ కోర్సా అని మీ మామ నవ్వుతున్నాడు కదా. డిగ్రీ ఉండి డైట్ చేసినవాళ్లకే ఈ వెసులుబాటు, ఉత్త ఇంటర్‌తో డైట్ చేసినవాళ్లు ఆ తర్వాత డిగ్రీ కూడా చదువుకోవాలి. ఎస్జీటీగా చేరాక స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ కావాలన్నా బీఈడీ ఉండాలి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రమోషన్లకు కూడా టీచర్ల అర్హత పరీక్ష టెట్ తప్పదని చెప్పింది కాబట్టి, ప్రైమరీకి ఉండే పేపర్-1తో పాటు పై తరగతులకు ఉండే పేపర్-2 కూడా ఎప్పుడో ఒకప్పుడు రాసి పెట్టుకోవాలి.

రోజూ పోనక్కర లేని కాలేజీ గురించి నా మాట సూటిగా విను. ఆ గుమ్మం తొక్కకు. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో 20 వారాలు నిజంగా బడిలో నిలబడి పాఠం చెప్పాలి. హాజరు లేకుండా ఇస్తామనేవాళ్లు నీ దగ్గర తీసుకునేది పైసలు ఒక్కటే కాదు, ఆ 20 వారాలు. జిరాక్స్ షాపుల్లో రికార్డులు రెడీమేడ్‌గా దొరుకుతాయి, లెసన్ ప్లాన్, పాఠం చెప్పడానికి వాడే టీఎల్‌ఎం చార్టు, పరిశీలన రికార్డు అన్నీ, పేరు ఒక్కటి రాసుకుంటే సరి. అట్లా రెండేళ్లు గడిపి వచ్చినవాళ్లు డీఎస్సీలో మెథడాలజీ ప్రశ్న చూసి జుట్టు పీక్కుంటారు. ఉద్యోగం వచ్చినా మొదటి రోజు నలభై కళ్లు వాళ్ల వైపు తిరిగినప్పుడు ఏం చెయ్యాలో తెలియదు. ప్రైవేటు కాలేజీలన్నీ ఇంతే అనడం లేదు. శ్రద్ధగా నడిపేవీ ఉన్నాయి. కానీ కాలేజీవాళ్లే ముందు రాకున్నా పర్వాలేదు అన్నారంటే ఇంకేమీ అడగాల్సింది లేదు.

నల్గొండలో ప్రభుత్వ డైట్ ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. రెండూ నీకు అందుబాటే, ఫీజు భారం కూడా తక్కువ. ఇంటర్‌లో 50 శాతం ఉండాలన్నది అర్హత, నీకు 61 ఉంది, ఆ బెంగ లేదు. గరిష్ఠ వయసు అడ్డంకీ లేదు. డీసెట్, ఎడ్‌సెట్ రెండూ మే, జూన్ నెలల్లోనే వస్తుంటాయి. రెండూ రాయి, తప్పు లేదు. డీసెట్‌లో ర్యాంకు దెబ్బతిని డైట్ సీటు రాకపోతే, పేరున్న ప్రైవేటు డీఈఎల్‌ఈడీ కాలేజీ ఉందేమో చూసి, అదీ కుదరకపోతే అప్పుడు నాగార్జునసాగర్, మహబూబ్‌నగర్‌లలోని ప్రభుత్వ బీఈడీ కాలేజీల సంగతి ఆలోచిద్దాం. దేవరకొండ నుంచి నల్గొండకు మహిళలకు బస్సు ఉచితమే గానీ, పోనూ రానూ రోజుకు మూడు గంటలు బస్సులోనే అవుతుంది. హాస్టల్ దొరుకుతుందేమో కనుక్కో. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ వచ్చేసరికి ఆ ప్రయాణం ఒళ్లు విరుస్తుంది.

టెట్ గురించి నువ్వు అడగలేదు, అడగకున్నా చెప్తా. టెట్ అంటే పాస్ అయితే చాలు అనుకుంటారు చాలామంది. బీసీలకు 150లో 75 వస్తే పాస్, నిజమే. కానీ డీఎస్సీ ర్యాంకులో 80 మార్కులు రాత పరీక్షవి, మిగిలిన 20 టెట్‌వి. నీకు టెట్‌లో 80 వస్తే డీఎస్సీలో కలిసేది పది మార్కుల చిల్లర. అదే 110 వస్తే పద్నాలుగున్నర దాటుతుంది. తేడా నాలుగు మార్కులు. డీఎస్సీలో ఒక్కో ప్రశ్న అర మార్కు, అంటే పరీక్ష హాలులో అడుగు పెట్టకముందే నువ్వు ఎనిమిది ప్రశ్నలు వెనకబడి ఉంటావు. ర్యాంకులు తారుమారయ్యేది అర మార్కు, పావు మార్కు దగ్గరే. టెట్ ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. డైట్ రెండో ఏడాదిలో ఉండగానే పేపర్-1 మొదలుపెట్టు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఐదింటికీ ముప్పై చొప్పున మార్కులు. బైపీసీ వాళ్లు మార్కులు పోగొట్టుకునేది లెక్కల్లో. నీ ట్యూషన్ పిల్లల మూడు, నాలుగు, ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు నువ్వే మొదటి పేజీ నుంచి చివరి దాకా చెయ్యి.

నీ ఉత్తరంలో నువ్వు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాలుగు నుంచి ఏడు దాకా అమ్మమ్మ ఊర్లో చదివానన్నావు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు లోకల్ అన్నది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావన్న దాన్ని బట్టి తేలుతుంది. ఏడింట్లో నాలుగేళ్లు కల్వకుర్తి దగ్గర చదివావు. కల్వకుర్తి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. అంటే మీ ఇల్లు, రేషన్ కార్డు, ఓటు అన్నీ నల్గొండ జిల్లాలో ఉన్నా, డీఎస్సీ లెక్కలో నువ్వు నాగర్‌కర్నూల్ లోకల్‌వి. జిల్లా పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. నల్గొండకు దరఖాస్తు పెడితే మిగిలిన ఐదు శాతంలో అందరితో పోటీ పడాలి. నల్గొండలోనే ఉద్యోగం కావాలన్న కోరిక కొంచెం పక్కన పెట్టి నాగర్‌కర్నూల్ వైపు మనసు తిప్పుకో. దేవరకొండకు అదేం పరాయి దేశం కాదు, డిండి దాటితే అదే. కాలేజీ అడ్మిషన్లకు లోకల్ లెక్క వేరు, ఆ నోటిఫికేషన్‌లో ఉన్నట్టు చూసుకో, రెండింటినీ కలపకు.

ఈ వేసవి సెలవులు కాగానే రెండు బడులకూ పోయి బోనఫైడ్లు, అంటే అక్కడ చదివినట్టు సర్టిఫికెట్లు తీసుకో. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకో. అడ్మిషన్ రిజిస్టర్‌లో చిన్నప్పుడు ముద్దుపేరు రాయించిన కేసులు బోలెడు. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పిలుపు వచ్చాక ఈ కాగితాల కోసం పరుగెత్తిన వాళ్ల ఏడుపు చూడలేం.

పెళ్లి సంగతికి వస్తే, లోకల్ చదువును బట్టే గాని అత్తగారి ఊరిని బట్టి మారదు. ఏ జిల్లాకు పోయినా నువ్వు నాగర్‌కర్నూల్ లోకల్‌వే. మీ నాన్నను రెండేళ్లు అడుగు. సర్కారు బడిలో పడాలని ఆయనే అంటున్నాడు కాబట్టి ఆయన మాటనే ఆయన ముందు పెట్టు. సంబంధం ముందే కుదిరితే, డైట్ పూర్తయ్యేదాకా చదువు ఆపేది లేదన్న మాట పెద్దమనుషుల ముందే అనిపించుకో. కట్నకానుకల గురించి అంత గట్టిగా మాట్లాడుకునేవాళ్లు దీని గురించి మాట్లాడలేరా?

డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2017లో 8,792 పోస్టులతో టీఆర్‌టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) పడ్డాక, 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి దాన్నీ రద్దు చేసి, చివరికి 2024లో పరీక్ష పెట్టారు. ఆ ఏడేళ్లు డైట్ చేసి కూర్చున్నవాళ్ల సంగతి నాకు తెలుసు. కొందరు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి అలసిపోయారు. ప్రైవేటు బడిలో చెప్పుకుంటూ దూరవిద్య బీఈడీ ముగించుకున్నవాళ్లకు మాత్రం 2023లో గురుకుల పోస్టులు పడ్డప్పుడు అక్కడా రాయడానికి వీలైంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచర్ పోస్టులు కూడా ఉంటాయి, దానికి కేంద్రం పెట్టే టెట్, అంటే సీటెట్ కావాలి, అదీ రాసి పెట్టుకో.

మీ తమ్ముడిది వేరే దారి. వాడికి ఇప్పుడే తెలిసింది కాబట్టి డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు అని ఐదేళ్లు పెట్టాల్సిన పని లేదు. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ ఉంది, ఐటెప్ అంటారు. 2023-24లో దేశంలో 57 సంస్థల్లో మొదలైంది. మన రాష్ట్రంలో వరంగల్ ఎన్‌ఐటీలో, హైదరాబాద్ మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఉంది. కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ అనే పరీక్ష ద్వారా సీటు ఇస్తారు. తెలుగులో కూడా రాయొచ్చు. వాడు ఎంపీసీ కాబట్టి లెక్కలు, ఫిజిక్స్ చెప్పే హైస్కూల్ టీచర్ కావాలనుకుంటే ఇది మంచి దారి, ఒక ఏడాది మిగులుతుంది. సీట్లు మాత్రం కొన్నే. అందుకని ఎన్‌సెట్ రాయమను, అది రాకపోతే మామూలు బీఎస్సీలో చేరి తర్వాత ఎడ్‌సెట్ రాస్తాడు. ఇంటర్ పరీక్షలు ముగియకముందే ఎన్‌టీఏ వెబ్‌సైటు చూస్తుండమను, ఎన్‌సెట్ దరఖాస్తు గడువు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) హడావుడిలో కొట్టుకుపోతుంది.